సైన్ 30 సగమే ఎందుకమ్మా?

ఆగస్టులో మా అమ్మాయి పదకొండో గ్రేడులోకి వెళ్లాలి. ఆల్జీబ్రా 2 బి గ్రేడుతో గట్టెక్కింది. ఇక ముందున్నది ప్రీకాల్క్యులస్. అందులో చాలా భాగం ట్రిగనామెట్రీయే. "నాకు లెక్కలు రావమ్మా, ఆ క్లాసు వద్దు" అని జూన్ మొదట్లోనే తేల్చేసింది. నేను పెద్దగా కంగారు పడలేదు. ఇంటర్లో ఎంపీసీ చదివినదాన్ని. ట్రిగనామెట్రీ ఫార్ములాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. నేనున్నానుగా అనుకున్నాను.

మొదటి రోజే సైన్, కాస్, టాన్ విలువల పట్టిక రాసి ఫ్రిజ్‌కి అంటించాను. "ఇది బట్టీ పట్టెయ్, సగం పని అయిపోయినట్టే" అన్నాను. అది కాసేపు చూసి, "సైన్ 30 సగమే ఎందుకమ్మా?" అని అడిగింది.

నోరు తెరిచాను గానీ మాట రాలేదు. ఇన్నేళ్లుగా నాకు తెలుసనుకున్న సంగతి అది. పట్టికలో అలా ఉంటుంది, అంతే. ఎందుకని అడగాలని కాలేజీలో మాకెవరికీ తోచనే లేదు. మార్కులు వచ్చాయి, సీటు వచ్చింది, ఆ ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ రాత్రి గిన్నెలు సర్దాక కాగితం, స్కేలు తీసుకుని కూర్చున్నాను. మూడు భుజాలూ 2 అంగుళాలుండే త్రిభుజం గీసి కత్తిరించాను. దాని మూడు కోణాలూ 60 డిగ్రీలే. నిలువునా సగానికి మడిచాను. పైకోణం 30 అయింది, కింది భుజం 1 అంగుళం అయింది, కర్ణం మాత్రం 2గానే ఉంది. 30 డిగ్రీల ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే ఒకటి బై రెండు. ఇంత చిన్న విషయం! పొద్దున్నే ఆ కాగితం మా అమ్మాయి చేతిలో పెడితే, తనే మడిచి చూసుకుని "ఓ, అంతేనా!" అంది.

తెలిసినవాళ్లంతా కోచింగులో చేర్పించమన్నారు. సెలవుల్లోనే సిలబస్ సగం లాగించేస్తారట. అంతకు ముందు అసలు ఎక్కడ తడబడుతోందో చూద్దామని కొన్ని లెక్కలిచ్చాను. 5π/6 లోంచి π/4 తీసెయ్యమంటే ఆగిపోయింది. అందులో ట్రిగనామెట్రీ ఏముంది? క.సా.గు. 12 తీసుకుంటే 10π/12 లోంచి 3π/12 పోగా 7π/12. 1/√2, √2/2 రెండూ ఒకటేనంటే నమ్మలేదు. భయమేమో కొత్త పాఠమంటే, లోటేమో ఎప్పటివో భిన్నాల్లో, వర్గమూలాల్లో ఉంది.

అందుకే కొత్త పాఠాల జోలికి పోలేదు. రోజూ అరగంట చొప్పున రెండు వారాలు భిన్నాలు, వర్గమూలాలు, కారణాంకాలు చేశాం. తర్వాత పైథాగరస్ సిద్ధాంతం, సరూప త్రిభుజాలు. ఈ సరూప త్రిభుజాల దగ్గర తొందర పడకండి. లంబకోణ త్రిభుజం చిన్నదైనా పెద్దదైనా, కోణం మారనంత వరకు భుజాల నిష్పత్తి మారదు. సైన్‌కి ఒక విలువంటూ ఉండేది అందుకే. నేను చదువుకునేటప్పుడు ఈ ముక్క ఎవరైనా చెప్పారేమో, నా చెవినైతే పడలేదు.

ఒక సాయంత్రం కోణమానినికి దారంతో చిన్న నట్టు వేలాడదీసి పెరట్లోకి వెళ్లాం. చెట్టు కొస 45 డిగ్రీల ఎత్తులో కనిపించేదాకా అది వెనక్కి నడిచింది. అక్కణ్ణుంచి మొదలుకి 28 అడుగులు. టాన్ 45 అంటే 1 కదా, కాబట్టి కంటి మట్టం నుంచి కొసకీ అంతే. నేల నుంచి కంటికి 5 అడుగులు కలిపితే చెట్టు 33 అడుగులు. ఆ రోజు లెక్క చెయ్యమని నేను చెప్పనే లేదు.

సైన్ అనే మాట కథ కూడా చెప్పాను. తెలుగు మీడియం వాళ్లకు వృత్తంలో 'జ్యా' గుర్తుండే ఉంటుంది. జ్యా అంటే వింటినారి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో జ్యా లెక్కలున్నాయి. దానికే 'జీవా' అని మరో పేరు. అది అరబ్బీలోకి 'జీబా'గా వెళ్లింది. ఆ లిపిలో అచ్చులు సరిగా రాయకపోవడంతో తర్వాతివాళ్లు దాన్ని 'జైబ్' అని చదివారు. జైబ్ అంటే బట్టలోని మడత. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్లు ఆ అర్థమే తీసుకుని 'సైనస్' అన్నారు. మన 'జేబు' కూడా ఆ అరబ్బీ మాట నుంచి వచ్చిందే అంటే, మా అమ్మాయి తన జేబులో చెయ్యి పెట్టుకుని నవ్వింది.

రెండు పొరపాట్లు మాత్రం ముందే చెప్పి ఉంచండి. క్యాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే సైన్ 30 కొట్టినప్పుడు సగానికి బదులు మైనస్ 0.988 వస్తుంది. పరీక్షకు ముందు మోడ్ చూసుకోవాలి. రెండోది, సైన్‌ని కూడికలో విడగొట్టెయ్యడం. సైన్ 30, సైన్ 60 కలిపితే 1.366 వస్తుంది. సైన్ 90 మాత్రం 1. ఒక్కసారి ఇలా చేసి చూస్తే మళ్లీ ఆ తప్పు చెయ్యరు.

వచ్చే వారం స్కూలు. ఫ్రిజ్ మీద నా పట్టిక లేదు. దాని చోట మా అమ్మాయి గీసిన రెండు బొమ్మలున్నాయి, సగానికి మడిచిన త్రిభుజం ఒకటి, మూల నుంచి మూలకు కోసిన చతురస్రం ఒకటి. మధ్యలోని 30, 45, 60 విలువలన్నీ వాటిలోనే ఉన్నాయి. ఎంత గ్రేడు వస్తుందో చెప్పలేను. నిన్న రాత్రి మాత్రం పడుకోబోతూ వచ్చి, "టాన్ 90కి విలువ ఎందుకు లేదమ్మా?" అంది.

ఈసారి నేను తడుముకోలేదు. "పెన్సిల్ తీసుకురా, గీసి చూద్దాం" అన్నాను.