భుజం ఎత్తగలిగే పడవ

జూరాల దిగువన కృష్ణలో పడవ దించి, ఒంటరిగా సముద్రం దాకా వెళ్లాలనుకునే మనిషి ముందుగా ఆనకట్టలను లెక్కపెట్టుకోవాలి. శ్రీశైలం ఎత్తు 145 మీటర్లు, నాగార్జునసాగర్ 124 మీటర్లు. ఆ తర్వాత పులిచింతల, విజయవాడలో ప్రకాశం బ్యారేజీ. ప్రతిచోటా పడవను ఒడ్డుకు లాగి, ఎత్తుకుని, చుట్టూ తిరిగి వెళ్లి మళ్లీ నీళ్లలో దించాలి. రెండో కొస పట్టుకోవడానికి పక్కన మనిషి ఉండడు. ఒక్కరు తెడ్డేసి నడిపే చిన్న పడవ, అంటే ఒంటరి కెనో, రూపం మార్చుకుంటూ రావడానికి ఈ మోత కూడా ఒక కారణం.

ఇప్పటిదాకా దొరికిన పడవల్లో అతి పాతది ఒంటరి పడవే అనిపిస్తుంది. 1955లో నెదర్లాండ్స్‌లోని పెస్సె దగ్గర రోడ్డు వేస్తుంటే బయటపడిన ఆ దోనె పొడవు 298 సెంటీమీటర్లు, వెడల్పు 44. పైన్ దుంగను తొలిచి చేసినది. వయసు సుమారు పదివేల ఏళ్లు. దాని నమూనా చేసి నీళ్లలో దించి చూస్తే, ఒక మనిషిని మోస్తూ చక్కగా నడిచింది.

మన కొల్లేరు, గోదావరి లంకల ప్రాంతాల్లో అదే పని తాటిచెట్టు చేసింది. తాటి మానులో గట్టి నారంతా బయటి పొరలోనే ఉంటుంది, లోపలంతా మెత్తటి దూటే. దూటను తొలిచేస్తే మిగిలే గట్టి డొప్పే పడవ. తుమ్మ, టేకు దుంగల్ని తొలిచినంత శ్రమ ఇందులో లేదు. చెట్టు మొదలు ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి ఒక కొస దానంతట అదే మూసుకుని ఉంటుంది, రెండోదాన్ని మూస్తే చాలు. కానీ మాను వెడల్పు ఎంతో పడవ వెడల్పూ అంతే. కాస్త పక్కకు ఒరిగితే మనిషి నీళ్లలో ఉంటాడు. అందుకే బరువు వేయాల్సి వస్తే రెండు దోనెల్ని పక్కపక్కన కట్టేవారు.

కృష్ణా, తుంగభద్రల జాలర్లు దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టారు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, ఒకప్పుడు తోలు, తర్వాత తారు పూసిన గుడ్డ, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా లేదా ఫైబర్ వేస్తున్న పుట్టి అది. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ తుంగభద్రపై ఈ తోలు బుట్టల్ని చూశాడు. అవి తిన్నగా పోకుండా తిరుగుతూ ఉంటాయని రాసిపెట్టాడు. ఆయన గమనించింది నిజమే. పొడవాటి పడవ అడుగు నీటిని చీలుస్తూ దిక్కును నిలబెడుతుంది. గుండ్రటి దానికి ముందూ వెనకా లేవు. పుట్టి నడిపేవాడు అంచు దగ్గర కూర్చుని నీళ్లను తనవైపు లాక్కుంటూ ఆ లోటును పూడుస్తాడు. బదులుగా పుట్టి జానెడు నీళ్లలో తేలుతుంది, బండరాయి తగిలితే కాస్త వంగి జారుకుంటుంది. ఒడ్డెక్కాక బోర్లించి తలకెత్తుకుంటే ఒక్కడే నడిచి వెళ్లిపోగలడు. ఆ మోత లెక్కను మన జాలరి ఏనాడో తేల్చాడు.

అమెరికాలో అదే లెక్కను 1880లలో ఒక బక్కపలచని మనిషి తేల్చాడు. జార్జ్ వాషింగ్టన్ సియర్స్ బరువు 50 కిలోలు దాటదు, పైగా క్షయరోగి. ఆయన కోసం న్యూయార్క్ రాష్ట్రంలోని కాంటన్ ఊళ్లో జె. హెన్రీ రష్టన్ పల్చటి సెడార్ చెక్కలతో 9 అడుగుల పడవ కట్టాడు. పేరు ‘సెయిరీ గ్యాంప్’, బరువు 10.5 పౌండ్లు, అంటే 5 కిలోలకు లోపే. 1883లో, 61 ఏళ్ల వయసులో, సియర్స్ దానితో అడిరాండాక్ సరస్సుల మధ్య 266 మైళ్లు తిరిగొచ్చాడు. ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పడవను తానే మోసుకున్నాడు.

తర్వాతి కథంతా పదార్థాలది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ విమానాల కంపెనీ గ్రమ్మన్ అల్యూమినియం రేకుతో కెనోలు మొదలుపెట్టింది. గట్టివే, కానీ రాళ్లకు అతుక్కుపోతాయి. 1970లలో వచ్చిన రాయలెక్స్ పొరల ప్లాస్టిక్, రాయి తగిలితే లొట్టపడి మళ్లీ పొంగేది; దాని తయారీ ఆగిపోయింది. 1965లో డ్యూపాంట్‌లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన కెవ్లార్ నారతో నేడు 14 అడుగుల ఒంటరి పడవ 15 కిలోల చుట్టుపక్కల దొరుకుతోంది. ధర ఎక్కువ, పదునైన రాళ్ల మీద ఈడిస్తే గీసుకుపోతుంది.

మరి దేన్ని ఎంచుకోవాలి? మొదట పొడవు చూడండి. నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే సుమారు వేగపు హద్దు నాట్లలో వస్తుంది. కిలోమీటర్లలోకి మారిస్తే, 9 అడుగులకు అది గంటకు 7.4 కిలోమీటర్లు, 14 అడుగులకు 9.3. ఆ హద్దు దగ్గర పడవ తన అలకు తానే ఎదురెక్కుతున్నట్టు ఉంటుంది, ఎంత తెడ్డు వేసినా ఫలితం స్వల్పం. అలాగని పొడవు మరీ పెంచితే నీటి రాపిడి, బరువు పెరుగుతాయి. వెడల్పు 28–30 అంగుళాలుంటే మధ్యలో కూర్చుని రెండు పక్కలా తెడ్డు అందుతుంది. అడుగు రెండు కొసల దగ్గర పైకి వంగి ఉంటే రాళ్ల మధ్య సులువుగా తిరుగుతుంది, చదునుగా ఉంటే జలాశయంలో తిన్నగా సాగుతుంది. మనిషి, సామాను, పడవ కలిపి 100 కిలోలైతే 100 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. ఆ బరువుతో మునిగాక అంచు నీటికి ఎంత ఎత్తున మిగులుతుందో చూసుకోవాలి.

హైదరాబాద్‌లో లక్డీకాపూల్, పంజాగుట్ట, అమీర్‌పేట అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి మరో మోత ఉంది: మెట్లు, లిఫ్టు, కారు పైకప్పు. జర్మనీ నగరవాసులకూ ఇదే ఇబ్బంది. 1905లో ఆల్ఫ్రెడ్ హాయ్‌రిష్ మడత పడవ గీస్తే, 1907 నుంచి రోజెన్‌హైమ్ దర్జీ యోహాన్ క్లెప్పర్ దాన్ని అమ్మాడు. జనం సంచీలో పెట్టుకుని రైలెక్కి నదికి వెళ్లారు. నేడు గాలి నింపే ప్యాక్‌రాఫ్టు కొన్ని కిలోలే తూగుతుంది, బస్సులో పడుతుంది. కాకపోతే ఎదురుగాలికి నెమ్మదిస్తుంది. సాగర్ లాంటి విశాల జలాశయాల్లో అది ప్రమాదమే. ఏ పడవైనా లైఫ్ జాకెట్ తప్పనిసరి. నల్లమల కృష్ణలో మొసళ్లున్నాయి, పులుల అభయారణ్యంలో అనుమతి కావాలి.

కొనేముందు పడవను ఎత్తుకుని వంద అడుగులు నడిచి చూడండి. మోయలేనిది ఎంత వేగంగా పోయినా మన నదులకు పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ ప్రతి ప్రయాణంలో ఒక ఆనకట్ట అడ్డొస్తుంది. ఇంకో పనీ జరగాలి. మన ఇంజినీరింగ్ కళాశాలలు పుట్టినీ తాటిదోనెనూ నీటి తొట్టెలో పెట్టి రాపిడి, నిలకడ, బరువు కొలిచి, అల్లేవాళ్లతో కూర్చుని లెక్కలు రాసుకోవాలి. కెవ్లార్ పడవ గురించి ఇంత తెలుసుకున్న మనం, ఐదు వందల ఏళ్లకు పైగా మన నదిపై బతికిన పుట్టి గురించి అంతకంటే ఎక్కువే తెలుసుకుని ఉండాలి.