దాతలకు కృతజ్ఞత

ద్రాక్షారామ భీమేశ్వరాలయపు శిలాశాసనములలో అఖండదీప దానములు అనేకము కనిపించును. దాత ఎవరు, దీపమునకై ఏమి ఇచ్చెను అను విషయములు వానియందు చెక్కబడియున్నవి. దీపమును ఒకనాడు వెలిగించుట సులభము. ఏనాడును ఆరకుండ కాపాడుట కష్టము. ఆ కష్టమునకు తోడ్పడినవానిని పేరు పెట్టి స్మరించుట మన పూర్వుల పద్ధతి.

ఈ పద్ధతి నేటి కంప్యూటరు లోకమునకును అవసరము. అందులకు డెబియన్ చక్కని ఉదాహరణము. కంప్యూటరును నడిపించు ఆదేశముల సముదాయమును సాఫ్టువేరు అందురు. ఎవరైనను ఉచితముగ తీసికొని, పరిశీలించి, మార్చుకొని, ఇతరులకు పంచదగిన సాఫ్టువేరును కూర్చుటకై ఇయాన్ మర్డాక్ అను అమెరికా విద్యార్థి 1993 ఆగస్టు 16వ తేదీన డెబియన్‌ను ప్రకటించెను. నేడు అనేక దేశముల స్వచ్ఛంద సేవకులు దానిని నిర్మించుచున్నారు. దానిని కంప్యూటరులో నెలకొల్పునపుడు తెలుగు భాషను ఎన్నుకొను వీలును కలదు.

ఉచితమైన దానికి ఖర్చేమి అని శ్రోతలు అడుగవచ్చును. వ్రాసిన సాఫ్టువేరును వేర్వేరు తరహాల యంత్రములకు అనువుగ సిద్ధపఱచుటకు కంప్యూటర్లు కావలెను. అవి రేయింబవళ్లు నడుచుటకు చోటు, విద్యుత్తు, చల్లబఱచు ఏర్పాటు కావలెను. విశ్వవిద్యాలయములును, వ్యాపార సంస్థలును తమ యంత్రములలో డెబియన్ ప్రతులను నిలువ యుంచి కోరినవారికి అందించుచున్నవి. కొందఱు యంత్రముల నిత్తురు, కొందఱు వానికి చోటిత్తురు, కొందఱు ధనమిత్తురు. 1997లో ఏర్పడిన 'సాఫ్టువేర్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్' అను లాభాపేక్ష లేని సంస్థ డెబియన్ పక్షమున విరాళములను స్వీకరించుచున్నది. 2023 సెప్టెంబరులో కొచ్చిలో జరిగిన డెబియన్ వార్షిక సమావేశమునకును దాతలు తోడ్పడిరి.

ఇట్టి ఆదరణ కొఱవడిన కృషి ఎంత బలహీనముగ నుండునో 2014 ఏప్రిలులో లోకము చూచెను. ఇంటర్నెట్టులో సమాచార రహస్యమును కాపాడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను సాఫ్టువేరులో 'హార్ట్‌బ్లీడ్' అను లోపము అప్పుడు బయల్పడెను. లోపమునకు ధనాభావ మొక్కటే కారణమనరాదు. కాని అసంఖ్యాక సంస్థలు ఆధారపడిన ఆ కృషికి ఏటేట వచ్చు విరాళములు సుమారు 2000 డాలర్లు మాత్రమే. వెలుగున కూర్చున్నవారు కోట్లాది; నేయి పోయువారు బహుస్వల్పము. పెద్ద సంస్థలు కలిసి ధనసహాయమునకు పూనుకొనినది ఆ పిమ్మటనే.

కావున దాతను స్మరించుట మర్యాద మాత్రమే కాదు, ఆ కృషి నిలుచుటకు అవసరము కూడ. అయితే కృతజ్ఞత ముఖస్తుతి కారాదు. ఏమి ఇచ్చిరో, దానివలన ఏ పని జరిగెనో స్పష్టముగ చెప్పుటయే దాతకు తగిన గౌరవము. కృతజ్ఞత విధేయతయు కారాదు. 1998లో ఏర్పఱచుకొనిన నియమావళి ననుసరించి డెబియన్ సభ్యులు ఏటేట తమ నాయకుని ఎన్నుకొందురు. దానము ఓటును కొనజాలదు. ఇక శ్రమను ధారపోసినవారును దాతలే. 2015లో మరణించిన మర్డాక్‌కు 2017లో వెలువడిన తొమ్మిదవ డెబియన్‌ను సభ్యులు అంకితము చేసిరి.

ఉచితముగ పొందినవాడు తాను ఎవరికి ఋణపడెనో తెలిసికొనవలెను. దీపపు వెలుగున చదువుకొనువాడు నేయి పోసినవానిని తలచుట మంచిది. తన వంతు ఒక గరిటెడు తానును పోయుట మఱింత మంచిది.