మీకు తెలుసా? కుందేలు కూడా ఉన్ని ఇస్తుంది!

ఉన్ని అనగానే గొర్రె గుర్తొచ్చిందా? కాసేపు దాన్ని పక్కన పెట్టండి! అంగోరా కుందేలును చూడండి. దాని బొచ్చు నెలకు సుమారు 2.5 సెంటీమీటర్లు పెరుగుతుంది! మన తలజుట్టుకంటే రెట్టింపు వేగం!

ఎంత పొడవు పెరగొచ్చో చెప్పుకోండి చూద్దాం! కాలిఫోర్నియాలో ఫ్రాంచెస్కా అనే ఇంగ్లిష్ అంగోరా కుందేలు ఉండేది. 2014లో దాని బొచ్చును కొలిచారు. ఏకంగా 36.5 సెంటీమీటర్లు! పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టినా చాలదు, రెండుసార్లు జరిపి కొలవాలి! గిన్నిస్ బుక్కులోకి ఎక్కేసింది!

ఇక సన్నదనం సంగతి! ఒక్కో పోగు మందం దాదాపు 11 నుంచి 15 మైక్రాన్లే! మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇంత సన్నని పోగు లోపల కూడా చిన్నచిన్న గాలి గదులుంటాయి! ఆ గాలే చలిని ఆపుతుంది. అందుకే అంగోరా స్వెటర్ చేతిలోకి తీసుకుంటే తేలిక, వేసుకుంటే వెచ్చన!

మెరినో గొర్రె ఉన్నిని కడిగితే దాదాపు మూడో వంతు బరువు పోతుంది! అదంతా జిడ్డూ మట్టీ! అంగోరాలో జిడ్డు దాదాపు ఉండదు. కడిగే పనే లేదు, నేరుగా వడికేయొచ్చు!

ఇది వినండి, నాకైతే అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట! ఇంగ్లిష్, ఫ్రెంచ్ అంగోరాలు ఇంచుమించు 3 నెలలకోసారి పాత బొచ్చును వాటంతటవే వదిలేస్తాయి. ఆ సమయంలో కుందేలును ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. ఊడి వస్తున్న బొచ్చును వేళ్లతో మెల్లగా లాగుతారు. ఎదురుగా రాట్నం! ఒళ్లోంచి బొచ్చు, రాట్నం మీదికి నూలు! మధ్యలో ఏ యంత్రమూ లేదు! కుందేలు మాత్రం హాయిగా కూర్చునే ఉంటుంది. అయితే ఒక్క మాట. ఊడని బొచ్చును బలవంతంగా పీకితే దానికి నొప్పి. అలా తీసిన ఉన్ని ఎంత మెత్తగా ఉన్నా నాకొద్దు!

జర్మన్ అంగోరాది మరో దారి. దానికి బొచ్చు రాలదు, కత్తిరించాల్సిందే! మంచి కుందేలైతే ఏడాదికి 1 కిలోకు పైగా ఉన్ని ఇస్తుంది! ఆ కుందేలు మొత్తం బరువెంతో తెలుసా? నాలుగైదు కిలోలే!

అమెరికాలో వీటికి అందాల పోటీలు కూడా ఉన్నాయి! అక్కడి కుందేళ్ల పెంపకందార్ల సంఘం ఇంగ్లిష్, ఫ్రెంచ్, శాటిన్, జెయింట్ అని నాలుగు అంగోరా జాతులను గుర్తించింది. మొత్తం 100 మార్కులు. అందులో సగానికి పైగా ఒక్క బొచ్చుకే!

పోటీలో ఇంగ్లిష్ అంగోరాను చూస్తే ముందు నవ్వొస్తుంది! ముఖం మీద జుట్టు, చెవుల చివర కుచ్చులు! కళ్లెక్కడున్నాయో వెతుక్కోవాలి! భారీ జంతువని అనుకుంటాం. తూకం వేస్తే 3.4 కిలోలు దాటకూడదన్నది నియమం! మిగతాదంతా బొచ్చు ఆర్భాటమే!

మరి ఆ బొచ్చుకు చిక్కులు పడవా? పడతాయి! కానీ దువ్వెన ఎక్కువ వాడితే మంచి పోగులూ ఊడొస్తాయి. అందుకే చాలామంది గాలి ఊదే బ్లోయరు పట్టుకుంటారు! చుండూ దుమ్మూ ఎగిరిపోతాయి, ఒక్క పోగు కూడా తెగకుండా చిక్కులు విడిపోతే వాళ్లకు పండగే!

చిక్కులే కాదు, ఆ బొచ్చుతో ఇంకో ముప్పూ ఉంది! కుందేలు వాంతి చేసుకోలేదు! నిజం! ఒళ్లు నాకినప్పుడు మింగిన బొచ్చు వెనక్కి రాదు, కడుపులో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. ఎండుగడ్డి బాగా తింటే పేగులు కదులుతూ ఉంటాయి. 12 గంటలు ఏమీ తినకుండా ఉందంటే పశువైద్యుడి దగ్గరికి పరుగే!

పిల్లలు పుట్టడానికి 31 రోజులు చాలు! తల్లి తన బొచ్చునే పీక్కుని గూడు పేరుస్తుంది! కానీ అంగోరా బొచ్చు మరీ పొడవు కదా! పసికూనల కాళ్లకు చుట్టుకునే ప్రమాదముంది. అందుకే పెంచేవాళ్లు గూట్లోని బొచ్చును కత్తెరతో పొట్టిగా కత్తిరించి పెడతారు!

మన దగ్గర పెంచుకోవచ్చా అంటారా? ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితేనే వీటికి కష్టం! రోహిణీ కార్తె ఎండలకు ఈ దుప్పటి కప్పుకున్న ప్రాణి ఏం తట్టుకుంటుంది, పాపం!

కులూ లోయకైతే ఇవి బాగా నచ్చాయి! హిమాచల్ ప్రదేశ్‌లోని గర్సాలో 1963లో మొదలైన కేంద్ర పరిశోధన కేంద్రం ఒకటుంది. అక్కడ జర్మన్ అంగోరాలను పెంచుతారు! కులూ వెళ్తే అంగోరా శాలువా అడగండి, చూపిస్తారు!

కొనేటప్పుడు లేబుల్ చదవండి. అంగోరా 20 శాతమే అని ఉందా? మోసమని అనుకోకండి! అచ్చంగా అంగోరాతోనే అల్లితే సాగిన చోట సాగినట్టే వేలాడుతుంది. గొర్రె ఉన్ని కలిస్తేనే స్వెటర్ మళ్లీ బిగుస్తుంది. ఆ కాస్త అంగోరాతోనే బట్ట మీద నూగంతా లేస్తుంది!