వేటలో బ్యాటరీ తెల్లవార్లూ రావాలంటే...

అర్ధరాత్రి దాటింది. వల దించి తెప్ప మీద నడుం వాల్చారు. కాసేపటికి లైటు ఎర్రబడింది. జీపీయస్ తెర మిణుకుమని ఆరిపోయింది. వైర్‌లెస్ సెట్టులో పలుకు లేదు. దూరంగా ఓడ దీపాలు కనపడుతున్నాయి. మన మీద వెలుగు లేకపోతే ఆ ఓడవాళ్లకు మనం కనపడం. ఇలాంటి రాత్రి ఎరగని తండేలు తక్కువే. ఒడ్డుకొచ్చాక 'బ్యాటరీ కంపెనీ మంచిది కాదు' అని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు మన వాడకంలోనే ఉంటుంది.

మన ఫైబర్ తెప్పల ఇంజన్లు చాలావరకు తాడు లాగో, హ్యాండిల్ తిప్పో స్టార్టు చేసేవే. ఇలాంటి వాటిలో సముద్రం మీద బ్యాటరీకి చార్జింగు ఉండదు. ఇంటి దగ్గర ఎంత నింపుకెళ్లామో అంతే. అందుకని ముందు లెక్క తెలియాలి.

బ్యాటరీ మీద 80 ఏహెచ్ అని రాసి ఉందనుకోండి. 4 ఆంపియర్ల చొప్పున వాడితే 20 గంటలు వస్తుందని దాని అర్థం. ఎక్కువ ఆంపియర్లు లాగితే ఆ 80 కూడా పూర్తిగా రాదు. పైగా మామూలు యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు. రోజూ అడుగంటా వాడితే ప్లేట్లు దెబ్బతిని నాలుగేళ్లు రావాల్సింది ఏడాదికే మూలపడుతుంది. అంటే 80 ఉన్న చోట మీ చేతిలో ఉన్నది 40 మాత్రమే అనుకోండి.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. లారీ హెడ్‌లైటు బల్బు 55 వాట్లది ఒకటి నాలుగున్నర ఆంపియర్లు తింటుంది. రెండు పెట్టి ఎనిమిది గంటలు వెలిగిస్తే 72 అయిపోయాయి. ఇక బ్యాటరీలో మిగిలిందేమిటి? అదే 10 వాట్ల ఎల్ఈడీ దీపాలు రెండు పెడితే ఎనిమిది గంటలకు 13తో సరి. చేపల జాడ చూపే చిన్న జీపీయస్ సెట్టు ఆంపియరు చొప్పున 12 గంటలకు 12. వీహెచ్ఎఫ్ సెట్టు వింటూ ఉంటే అర ఆంపియరు లోపే, 12 గంటలకు 5 వేసుకోండి. కళాసీల సెల్‌ఫోన్లు మూడు చార్జింగు పెడితే ఇంకో 5. మొత్తం 35. మన 40లో ఇమిడిపోయింది. బల్బు ఒక్కటి మార్చినందుకే ఇంత తేడా! (ఎల్ఈడీ అన్నామని చేపల్ని ఆకర్షించే పెద్ద లైట్లు అనుకునేరు. అలాంటి లైట్లతో వేటను కేంద్ర ప్రభుత్వం 2017లో నిషేధించింది. మనం చెప్పేది తెప్ప మీద వెలుగు గురించే.)

వీహెచ్ఎఫ్‌లో మాట్లాడేటప్పుడు మీట నొక్కితే 25 వాట్ల మీద 5 ఆంపియర్ల దాకా లాగుతుంది. పక్క తెప్పతో మాట్లాడ్డానికి 1 వాటు చాలు, ఆ స్విచ్ సెట్టు మీదే ఉంటుంది. 25 వాట్లు ఆపదకు ఉంచుకోండి. పోసుకోలు కబుర్లకు 16వ చానలు వాడకండి, అది ప్రమాద పిలుపుల కోసం.

లెక్క సరిపోయినా సెట్టు ఆగిపోతోందా? అయితే వైరు చూడండి. ఉప్పుగాలికి రాగి తీగ నల్లబడి, పచ్చబారి లోపలే తినేస్తుంది. పైన తొడుగు బాగానే కనపడుతుంది. లైట్లన్నీ వేసి, మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర ఒకసారి, సెట్టు దగ్గర ఒకసారి వోల్టులు చూడండి. తేడా అర వోల్టు దాటితే దోషం వైరుదే. తగరం పూత ఉన్న లావు వైరు వేసి, అతుకులు తగ్గించి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించండి. టెర్మినళ్లను వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి వ్యాజ్లీను రాయండి.

కొనేటప్పుడు కారు బ్యాటరీ చవకని తెచ్చుకోకండి. దాని ప్లేట్లు పలచన, ఇంజను స్టార్టు చేయడానికే పనికొస్తాయి. ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ రకం బరువైనా రోజూ దిగి ఎక్కడానికి తట్టుకుంటుంది. లిథియం బ్యాటరీలో ఐరన్ ఫాస్ఫేట్ రకం బరువు సగం లోపే, 80 శాతం దాకా వాడుకోవచ్చు. ఖరీదు మాత్రం బాగా ఎక్కువ, చార్జరు కూడా దానికి తగినదే ఉండాలి. పాత బ్యాటరీకి కొత్తది జోడు కలపడం మాత్రం వద్దు. పాతది కొత్తదాన్ని కూడా తనతోపాటు దించేస్తుంది.

ఒడ్డుకు రాగానే ఆ రోజే చార్జింగు పెట్టండి. 'సాయంత్రం రెండు గంటలు పెడదాంలే' అనేదే అసలు జబ్బు. 40 వాడిన బ్యాటరీకి 8 ఆంపియర్ల చార్జరుతో నిండటానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. అరకొరగా నింపితే ప్లేట్లకు తెల్లటి సల్ఫేటు పొర పట్టి కెపాసిటీ రోజురోజుకీ తగ్గిపోతుంది. చార్జింగు దించి మూడు నాలుగు గంటలు ఆగి చూస్తే 12.6 వోల్టులు పైన ఉండాలి. 12.2 అంటే సగమే. చార్జింగప్పుడు వచ్చే గ్యాసు మండుతుంది, దగ్గర బీడీ వెలిగించవద్దు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. తెప్ప మీద మూతున్న పెట్టెలో, నీరు చేరని ఎత్తున, పెట్రోలు క్యానుకు దూరంగా కట్టి ఉంచండి. యాసిడ్‌లో సముద్రపు నీరు కలిస్తే విషవాయువు క్లోరిన్ పుడుతుంది.

రెండు మూడు రోజుల వేటకు వెళ్లేవారికి 50 వాట్ల సోలారు పలక, కంట్రోలరుతో సహా అక్కరకొస్తుంది. ఎండ బాగా కాస్తే రోజుకు 14, 15 ఆంపియర్ అవర్లు చేరతాయి. లైట్ల ఖర్చు దాంతోనే పోతుంది. ముసురు పట్టిన రోజున దాని మీద ఆశ పెట్టుకోకండి.

తుపాన్ల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకో జాగ్రత్త చేయండి. యూపీఎస్‌లో వాడే చిన్న 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి నింపి, పాలిథిన్ సంచిలో చుట్టి విడిగా పెట్టుకోండి. దాన్ని లైటుకు కలపకండి. పెద్ద బ్యాటరీ దిగిపోతే వీహెచ్ఎఫ్‌కు తగిలించి కబురు పంపడానికి అది ఉంటుంది. ఒడ్డున ఉన్నవాళ్లకు కోస్టుగార్డు నంబరు 1554 రాసి ఇచ్చి వెళ్లండి.

ఇక వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తెప్ప ఒడ్డున ఉంటే బ్యాటరీ కూడా అందులోనే ఎండలో పడి ఉంటుంది. వాడకపోయినా అది తనంతట తాను దిగిపోతుంది. ఎండకు మరీ త్వరగా దిగుతుంది. జూన్‌లో మొదటి వేటకే చాలా బ్యాటరీలు చేతులెత్తేసేది ఇందుకే. నిషేధం మొదలైన రోజే వైర్లు విప్పి, ఇంటికి తెచ్చి, నిండా చార్జింగు చేసి నీడపట్టున పెట్టండి. మే నెల మధ్యలో ఒకసారి, బయల్దేరే ముందు రోజు మరోసారి చార్జింగు పెడితే సరిపోతుంది.