ఆన్‌రోడ్ ధర: దేనికెంత?

కారు కొనడానికి వెళ్లినవాళ్లు షోరూంలో మొదట అడిగే మాట ‘ఆన్‌రోడ్ ఎంత పడుతుంది?’ జవాబుగా ఒకే ఒక్క అంకె వస్తుంది. అందులో ప్రభుత్వానికి పోయేదెంత, బీమా కంపెనీకి పోయేదెంత, షోరూం తన కోసం వేసుకున్నదెంత అన్నది డెలివరీ రోజు దాకా చాలామందికి తెలియదు. కష్టపడి కూడబెట్టిన డబ్బుతో కారు కొని కూడా మనసు కష్టపెట్టుకుని ఇంటికి రావడానికి చాలావరకు ఈ తెలియకపోవడమే కారణం. అందుకే ఆ అంకెను విడగొట్టి చూద్దాం.

లెక్క కోసం హైదరాబాద్‌లో ఎక్స్‌షోరూమ్ ధర 8 లక్షలున్న పెట్రోల్ కారు తీసుకుందాం. పొడవు 4 మీటర్ల లోపు, ఇంజిన్ 1,197 సీసీ. కొంత లోన్ మీద కొంటున్నాం.

ప్రభుత్వానికి ఎంత?

2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతం. ఇది ఎక్స్‌షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది. 8 లక్షల్లో జీఎస్టీ వాటా సుమారు 1,22,000. అంటే కారు అసలు ధర 6,78,000 దగ్గర ఉంటుంది. కంపెనీ నుంచి షోరూం దాకా కారును చేర్చే ఖర్చు, డీలర్ లాభం కూడా ఈ ధరలోవే.

ఆ పైన లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో 5 లక్షల నుంచి 10 లక్షల మధ్య ఉన్న కారుకు 14 శాతం, అంటే మన కారుకు 1,12,000. మీ పేరిట ఇప్పటికే కారు ఉంటే మరో 2 శాతం పడుతుంది. తర్వాత కేంద్ర నిబంధనల్లోని ఫీజులు: రిజిస్ట్రేషన్‌కు 600, లోన్ ఉన్నట్టు ఆర్‌సీలో నమోదు చేయడానికి 1,500, స్మార్ట్ కార్డుకు 200. మూడూ కలిపి 2,300. తాత్కాలిక రిజిస్ట్రేషన్ (టీఆర్) ఫీజు, రవాణా శాఖ సేవా రుసుము వీటికి తోడవుతాయి. కాబట్టి కొటేషన్‌లో ‘రిజిస్ట్రేషన్ చార్జీలు’ అని పది, పన్నెండు వేలు కనిపిస్తే శాఖ ఇచ్చిన రసీదు చూపించమని అడగాలి.

ఎక్స్‌షోరూమ్ ధర 10 లక్షలు దాటితే మరో ఒక శాతం టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. ఇది మీ పాన్ ఖాతాలో జమ అవుతుంది. ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పొందవచ్చు. ఈ సంగతి తెలియక ఆ డబ్బు వదిలేసుకోకండి.

బీమాలో తేడా ఎక్కడ?

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 1,000 నుంచి 1,500 సీసీ మధ్య కార్లకు 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు 10,640 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 12,555. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఈ భాగం ఒకటే. తేడా అంతా మన కారుకు జరిగే నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ భాగంలో, విడిభాగాల తరుగుదలను కోయకుండా చెల్లించే జీరో డిప్ వంటి అదనపు కవర్లలో ఉంటుంది. ఈ ఓన్ డ్యామేజ్‌ను మూడేళ్లకు ఒకేసారి తీసుకోవాలన్న నిబంధన 2020 ఆగస్టు 1తోనే పోయింది. ఏడాదికి తీసుకుంటే చాలు.

‘బీమా మా దగ్గరే తీసుకోవాలి, లేకపోతే డిస్కౌంట్ రాదు’ అనే మాట చాలా షోరూంలలో వినిపిస్తుంది. షోరూంల ద్వారా బీమా అమ్మకంపై బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లోనే మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం ఫలానా చోటే కొనాలని డీలర్ ఒత్తిడి చేయకూడదు. రెండు మూడు కంపెనీల కోట్‌లు ముందే తీసి పెట్టుకోండి. పోల్చేటప్పుడు ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే బీమా కంపెనీ లెక్కగట్టే విలువ, చూడండి. కొత్త కారుకు అది ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం ఉండాలి. మన కారుకు 7,60,000. అంతకంటే తక్కువ చూపిస్తే ప్రీమియం తగ్గినట్టే ఉంటుంది కానీ, కారు పోయిన రోజు చేతికొచ్చేదీ తగ్గుతుంది.

చట్టంలో లేని పద్దులు

హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్, ‘ఎసెన్షియల్ కిట్’, పెయింట్ కోటింగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ. వీటిలో ఒక్కటి కూడా చట్టప్రకారం తప్పనిసరి కాదు. మోటారు వాహనాల చట్టంలో హ్యాండ్లింగ్ చార్జీ అనే ఫీజే లేదు. కావాలనుకుంటే వారంటీ కొనుక్కోవచ్చు, మ్యాట్లు వేయించుకోవచ్చు. వద్దనే హక్కు మాత్రం కొనేవాళ్లదే.

ఈ పద్దులు ఎక్కువగా బయటపడేది డెలివరీ రోజునే. అప్పటికి పంతులుగారు ముహూర్తం పెట్టి ఉంటారు. అమ్మ కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పట్టుకుని వచ్చి ఉంటుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేశారు, పిల్లలు కారు పక్కన ఫొటోలకు నిలబడ్డారు. ఆ సమయంలో సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఫైలు పట్టుకొచ్చి ‘సార్, ఇంకో 18 వేలు బ్యాలెన్స్ ఉంది’ అంటాడు. ఆ క్షణంలో ఇంటిల్లిపాది ముందు బేరానికి ఎవరు దిగుతారు? కార్డు గీకేస్తారు. దసరాకో, శ్రావణ శుక్రవారానికో కారు ఇంటికి తేవాలనుకునే కుటుంబం మీద ఇలా ఒత్తిడి పెట్టడం అన్యాయం. దీనికి విరుగుడు ఒక్కటే: బుకింగ్ డబ్బు కట్టకముందే పద్దులవారీ కొటేషన్‌ను షోరూం ముద్రతో తీసుకోవడం. అందులో లేని పైసా తర్వాత కట్టనక్కరలేదని ముందే స్పష్టంగా చెప్పేయాలి.

లోన్: ఈఎంఐ చిన్నది, వడ్డీ పెద్దది

‘ఐదు శాతమే సార్’ అంటే అది ఫ్లాట్ వడ్డీయా, తగ్గే బాకీపై వడ్డీయా అని అడగండి. 7 లక్షల లోన్‌కు ఐదేళ్లపాటు 5 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 1,75,000. తగ్గే బాకీ లెక్కలో ఇది దాదాపు 9.15 శాతంతో సమానం.

గడువు సంగతీ అంతే. 9 శాతం వడ్డీకి ఐదేళ్లయితే నెలకు 14,531 చొప్పున కట్టాలి, మొత్తం వడ్డీ సుమారు 1,72,000. ఏడేళ్లకు మారిస్తే ఈఎంఐ 11,262కు దిగుతుంది, వడ్డీ 2,46,000 అవుతుంది. నెలకు మూడు వేలు తేలికైందని సంబరపడితే మొత్తం మీద 74 వేలు ఎక్కువ కట్టినట్టు. రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి రిటైల్ రుణాలన్నిటికీ ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటు చూపే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. సంతకం పెట్టేముందు ఆ కాగితం అడిగి చదవండి.

డీలర్ వేరు, కంపెనీ వేరు

నాలుగు షోరూంలు తిరిగినా డిస్కౌంట్ ఒకేలా ఉందని చాలామంది విసుక్కుంటారు. తాను అనుమతించిన దానికంటే ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వకుండా డీలర్లను మారుతీ సుజుకీ కట్టడి చేసిందని కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో తేల్చి 200 కోట్ల జరిమానా వేసింది. కొనుగోలుదారుల వేషంలో ఏజెన్సీల మనుషులను షోరూంలకు పంపి ఎక్కువ తగ్గించిన డీలర్లను పట్టుకునేవారని ఆ ఉత్తర్వు చెప్పింది. కంపెనీ దానిపై అప్పీలుకు వెళ్లింది. కారు ధరలో బేరం సాగకపోయినా బీమా, యాక్సెసరీస్, లోన్ పద్దుల్లో సాగుతుందన్నది గుర్తుంచుకోండి.

గొడవ వచ్చినప్పుడు మాత్రం బాధ్యత చాలాసార్లు డీలర్ దగ్గరే ఆగిపోతుంది. గోవాలో ఒకరు 2011లో మరో కంపెనీ కొత్త కారుకు డబ్బు కడితే, డీలర్ 2009లో తయారై అప్పటికే తిరిగిన కారు అంటగట్టాడు. వినియోగదారుల కమిషన్లు డీలర్‌తోపాటు ఆ కారు తయారుచేసిన కంపెనీనీ బాధ్యురాలిని చేశాయి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కంపెనీని తప్పించింది. కంపెనీ డీలర్‌కు కారు అమ్మేస్తుంది, డీలర్ దాన్ని మనకు అమ్ముతాడు, డీలర్ చేసిన పని కంపెనీకి తెలుసని రుజువు కాలేదు అన్నది అందుకు కారణం. కాబట్టి రిజిస్ట్రేషన్‌కు ముందే స్టాక్‌యార్డుకు వెళ్లి కారును చూడండి. ఛాసిస్ నంబర్, తయారైన నెల, ఓడోమీటర్ అంకె ఫొటో తీసుకోండి. ఆ నంబరే ఇన్‌వాయిస్‌లో ఉందో లేదో సరిచూసుకోండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం. డబ్బు షోరూం ఖాతాకే పంపండి, ఎగ్జిక్యూటివ్ ఫోన్ నంబరుకు కాదు.

అయినా మోసం జరిగితే?

ముందు డీలర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపయితే కేసు అక్కడే. 5 లక్షల దాకా ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల మధ్యయితే 200 రూపాయలు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వెయ్యాలి. లాయరు తప్పనిసరి కాదు. షోరూం ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు.

ఇన్ని హక్కులున్నా చేతిలో కాగితం లేకపోతే వాదన నిలవదు. ఈసారి షోరూంకు వెళ్తే ‘ఆన్‌రోడ్ ఎంత?’ అని అడిగి ఊరుకోకండి. ‘దేనికెంతో రాసివ్వండి’ అని అడగండి. రాసివ్వనన్న చోట అడ్వాన్స్ కట్టకండి.