ఊరికే ఇస్తామన్నా వద్దంటారేం?

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగించింది. పోనీ 11కి మారుదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో కావాలి. పదేళ్ల కిందట కొన్న కంప్యూటరు లక్షణంగా పనిచేస్తున్నా ఆ గడప దాటలేదు. దానికి పైసా ఖర్చులేని దారి ఒకటుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లైన మింటో, ఉబుంటూనో పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కించుకుంటే ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తుంది. అయినా మన వీధిలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు ఆ మాటే ఎత్తడు.

లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో చదువుకుంటూ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ఓడిపోయిందనడానికి లేదు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మేటి 500 సూపర్ కంప్యూటర్లూ దాని మీదే నడుస్తున్నాయి. మన ఆండ్రాయిడ్ ఫోను లోపలున్న కెర్నెలూ అదే. బల్ల మీది కంప్యూటర్ దగ్గరే కథ సాగలేదు. స్టాట్‌కౌంటర్ లెక్కల్లో డెస్క్‌టాప్ వాటా 4 శాతం దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది.

ధర దగ్గరైనా గెలవాలి కదా? మన దగ్గర ఆ పోటీయే జరగలేదు. అసెంబుల్డ్ పీసీల కాలంలో దొంగ కాపీ విండోస్ కూడా ఊరికేనే వచ్చేది. రెండూ ఊరికే దొరికేటప్పుడు పక్కింటివాళ్లకు తెలిసినదాన్నే ఎవరైనా ఎంచుకుంటారు. ‘డాస్’ అనో ‘ఉబుంటూ’ అనో రాసి కాస్త తక్కువకు అమ్మిన ల్యాప్‌టాప్‌లలో కూడా, కొన్నాక చేసే మొదటి పని విండోస్ ఎక్కించడమే.

తెలుగువాళ్లకు ఇంకో ముడి ఉంది. శుభలేఖ, కరపత్రం, ఫ్లెక్సీ, ఏది చేయించాలన్నా డీటీపీ సెంటరుకే వెళ్తాం. అక్కడ విండోస్ మీద నడిచే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. యూనికోడ్ కాని ఆ అక్షరాల్లో ఏళ్లుగా పేరుకున్న ఫైళ్లున్నాయి, ఆ కీబోర్డుకే అలవాటుపడిన వేళ్లున్నాయి. ‘స్వేచ్ఛ’ బృందం మెనూలన్నీ తెలుగులో ఉండే లినక్స్‌నే తయారుచేసింది. మెచ్చుకోదగ్గ పనే, కానీ పాత శుభలేఖ ఫైలు అందులో తెరుచుకోకపోతే ఆపరేటరుకు దానితో పనేముంది? ఆడిటరు దగ్గర ట్యాలీదీ ఇదే తంతు. జనం కావాలనుకునేది వాళ్ల పని జరగడం. కింద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందన్నది వాళ్లకు పట్టదు.

మరి ఎక్కడా కుదరలేదా అంటే, పక్కన కేరళలోనే కుదిరింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ 2001లో తిరువనంతపురం వచ్చి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ భారత విభాగాన్ని ప్రారంభించారు. బడుల కోసం ఐటీ@స్కూల్ పథకం మొదలైందీ ఆ ఏడాదే. తర్వాతి కొన్నేళ్లలో సర్కారు బడుల కంప్యూటర్లన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాయి. సీడీ ఇచ్చి చేతులు దులుపుకోలేదు. పాఠ్యపుస్తకాలు తిరగరాశారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పరీక్షలూ అందులోనే పెట్టారు. ఆ బడుల లినక్స్ 2019 నాటి కూర్పును 2 లక్షలకు పైగా బడి కంప్యూటర్లకు ఉద్దేశించారు. ఆ పిల్లలకు లినక్స్ అంటే విప్లవమేమీ కాదు, బడిలో ఉండే కంప్యూటరు, అంతే. నా మటుకు ఇంతకన్నా పెద్ద విజయం ఇంకోటి లేదు.

జర్మనీ నగరం మ్యూనిక్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. 2003లో నగర మండలి లినక్స్ వైపు మొగ్గుతోందని తెలిసి, మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్కీయింగ్ సెలవు మధ్యలో వదిలేసి మేయరు క్రిస్టియన్ ఊడె దగ్గరికి పరుగెత్తారు. ఊడె బెసకలేదు. 2013 నాటికి దాదాపు 15 వేల కంప్యూటర్లు మారాయి. మరుసటి ఏడాది మేయరు మారారు, 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని మండలి తీర్మానించింది. మధ్యలో, 2016లో, మైక్రోసాఫ్ట్ జర్మనీ ప్రధాన కార్యాలయం ఆ నగరంలోకి వచ్చింది. రెండింటికీ లంకె వేయడానికి రుజువు లేదు, గుసగుసలు మాత్రం ఆగలేదు. ఇతర కార్యాలయాల నుంచి వచ్చే వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు చెదిరిపోతున్నాయన్న ఉద్యోగుల గోడు నిజమే. కానీ పదేళ్లు భరించిన చిక్కు రాజకీయ అండ పోయాకే భరించరానిదైంది.

ఫ్రాన్స్ పోలీసు దళం జాందార్మరీ ఇంకా తెలివిగా నడిచింది. విండోస్‌ను కదపకుండా ముందు ఓపెన్ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ అలవాటు చేసింది. చేతులు తిరిగాక, 2008 నుంచి కింద ఉబుంటూ పరిచింది. ఇప్పుడు దాదాపు లక్ష కంప్యూటర్లు దాని మీదే ఉన్నాయి. ఆదేశమంటే ఆదేశమనే దళం కాబట్టి పని తేలికైంది కూడా.

అందుకే, ఇంటింటికీ తిరిగి లినక్స్ గెలుస్తుందంటే నేను నమ్మను. వేల కంప్యూటర్లకు నిర్ణయం ఒక్కచోట జరిగితే, లేదా పెట్టె తెరిచేసరికే లోపల ఉంటే గెలుస్తుంది. గేమ్‌ల కంపెనీ వాల్వ్ 2022లో తెచ్చిన గేమింగ్ పరికరం స్టీమ్ డెక్ సంగతి అదే. ఆడుతున్నది లినక్స్ మీదని దాన్ని కొన్న చాలామందికి పట్టనే పట్టదు.

ఇప్పుడు జర్మనీలోనే ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 30 వేల ప్రభుత్వ కంప్యూటర్లను మార్చే పనిలో ఉంది. 2024లో నిర్ణయమైంది. ముందు లిబర్‌ఆఫీస్, తర్వాతే లినక్స్, అంటే జాందార్మరీ వేసిన బాటే. ఎన్నికలొచ్చి మంత్రులు మారాక ఈ నిర్ణయం నిలుస్తుందా అన్నది మాత్రం మ్యూనిక్‌ను చూసినవాళ్లెవరూ అడగకుండా ఉండలేరు.