బహిరంగ దరఖాస్తులు – ఇంటి గుట్టు

ఇంగ్లండు దేశమున ఎవరైనను తమ సొంత స్థలములోనే ఇల్లు కట్టవలెనన్నను, ఉన్న ఇంటిపై అంతస్తు లేపవలెనన్నను ముందుగా స్థానిక కౌన్సిలు అనుమతి పొందవలెను. చిన్న మార్పులకు కొన్ని మినహాయింపులు కలవు. ఈ నియమము 1947 నాటి పట్టణ గ్రామ ప్రణాళికా చట్టముతో ఏర్పడి, 1948 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. భూమి ఒకరిదే కావచ్చును. కాని దానిపై లేచిన గోడ నీడ పొరుగువారి పెరటిలో పడును. అందుచేత అనుమతి నిచ్చుటయు నిరాకరించుటయు పదిమంది యెదుట జరుగవలెనని ఆ దేశపు సంప్రదాయము.

ఇప్పుడు అమలులోనున్న 1990 నాటి చట్టమును అనుసరించి ప్రతి కౌన్సిలును ఒక రిజిస్టరు ఉంచవలెను. దరఖాస్తుల ప్రతులు, పటములు, తుది నిర్ణయములు అందు చేరును. దానిని ఎవరైనను చూడవచ్చును; ఎందుకు చూచుచున్నారో చెప్పనక్కరలేదు. ఇరుగుపొరుగు వారు తమ అభిప్రాయము వ్రాసి పంపుటకు సాధారణముగా 21 దినముల గడువు ఉండును. వారి ఉత్తరములను సైతము కౌన్సిళ్లు బహిరంగముగా ఉంచును. అధికారి ఎవరి మాట విని ఏ నిర్ణయము చేసెనో అందరికిని తెలియును. లోపాయికారీ వ్యవహారమునకు చోటు తగ్గును. ఇంతవరకు మంచిదే.

అయితే ఈ కాగితములలో భూమి సంగతులు మాత్రమే యుండునా? దరఖాస్తుదారుని పేరు, టెలిఫోను సంఖ్య, ఈమెయిలు, సంతకము ఉండును. అంతకు మించినవియు ఉండవచ్చును. సాధారణముగా ఇట్టి దరఖాస్తులలో విచారింపవలసినది స్థలము యొక్క వినియోగమే. కాని కొన్ని సందర్భములలో మనుష్యుల కష్టసుఖములను గూడ గమనింపవచ్చునని అచ్చటి న్యాయస్థానములు అంగీకరించినవి. అందుచేత క్రింది అంతస్తులో స్నానపు గది కోరువారు తమ తల్లి నడువలేని స్థితిని, బిడ్డ మానసిక వైకల్యమును వివరించి, వైద్యుని పత్రము జతపరతురు. అనుమతి కొరకు వ్రాసిన ఆ వేదన లోకమంతయు చదువుటకు వ్రాసినది కాదు.

ఒకప్పుడు ఈ రిజిస్టరు కౌన్సిలు కార్యాలయమున ఉండెడిది. చూడగోరినవారు పనివేళలలో స్వయముగా పోయి, పుటలు త్రిప్పవలసియుండెను. ఆ శ్రమయే ఒక తెర వలె పనిచేసెను. నేడు ఆ కాగితములు ఇంటర్నెట్టున ఉన్నవి. వీధిలోని పొరుగువారు చదివెడి దానిని ఖండాంతరమున నున్నవారును అర్ధరాత్రివేళ చదువగలరు, నకలు తీసికొనగలరు. కాగితము అదియే, దాని గమనము మారినది.

ఎసెక్సు ప్రాంతములోని బాసిల్డన్ కౌన్సిలు ఉదంతము ఇందుకు నిదర్శనము. 2015 జూలై 16వ తేదీన ఆ కౌన్సిలుకు ఒక దరఖాస్తును బలపరచు వివరణపత్రము చేరెను. ఆ స్థలమున ఏండ్ల తరబడి నివసించుచున్న ఒక సంచారజాతి కుటుంబమువారి పేర్లు, వయస్సులు, వైకల్యములు, మానసిక ఆరోగ్య సమస్యలు అందు వ్రాసియుండెను. ఏమియు తొలగింపకయే దానిని ఇంటర్నెట్టున ఉంచిరి. సెప్టెంబరు 4వ తేదీ వరకు, అనగా ఏడు వారములు, అది అట్లే యుండెను. పరిశీలించిన ఉద్యోగికి అనుభవము చాలదు. మరియొకరు సరిచూచు ఏర్పాటు లేదు. 2017 మే నెలలో ఆ దేశపు సమాచార కమిషనరు కార్యాలయము ఆ కౌన్సిలుకు 1,50,000 పౌండ్ల జరిమానా విధించినట్లు ప్రకటించెను. అయినను ఏడు వారములలో చదివినవారి జ్ఞాపకములనుండి ఆ సంగతులను చెరుపగల జరిమానా ఏదియు లేదు.

కావున అచ్చటి కౌన్సిళ్లు కాగితములను జల్లెడ పట్టుచున్నవి. స్థలము చిరునామా, పటములు, దరఖాస్తుదారుని పేరు బయట ఉండదగినవి. టెలిఫోను సంఖ్యలు, ఈమెయిళ్లు, సంతకములు నల్లగీతలతో మరుగుపరచదగినవి. ఆరోగ్యము, మతము, జాతి మొదలగు వానిని 2018 నాటి సమాచార రక్షణ చట్టము ప్రత్యేక రక్షణకు అర్హములుగా ఎంచినది. అట్టి పత్రములను అధికారి చదివి విడిగా దాచవలెను. ఈ పని పైకి కనిపించునంత సులభము కాదు. కంప్యూటరులో అక్షరములపై నల్లని పట్టీ పరచినంతమాత్రమున చాలదు. కొన్ని పత్రములలో ఆ పట్టీ క్రిందనున్న అక్షరములను నకలు తీసి చదువవచ్చును. అక్షరములనే తొలగించి, మరియొకరు సరిచూచుట శ్రేయము.

అభ్యంతరము తెలుపువారి సంగతి మరింత చిక్కు. పేరు లేని ఉత్తరమునకు విలువ స్వల్పము. పేరు వెల్లడియైనచో పొరుగువారితో వైరము కలుగునను భయము. చాల కౌన్సిళ్లు పేరు, చిరునామా ప్రకటించును. కొన్ని పేరును దాచును. మౌనముగా ఉండిపోవువారు ఎక్కువైనచో బహిరంగ విచారణకు అర్థమే లేదు. కావున వ్రాయువారు వెలుతురు, రద్దీ, చెట్లు మొదలగువానిని గూర్చి వ్రాయవలెనే కాని, పొరుగింటివారి రోగములను, నడవడిని గూర్చి వ్రాయరాదు. బ్రిటనులో ఇండ్లు కొనుక్కొని స్థిరపడిన మన తెలుగువారును ఈ సంగతి గుర్తుంచుకొనుట మేలు.

మన పద్ధతి ఇంగ్లండు పద్ధతి వంటిది కాదు. అయినను 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టము తరువాత తెలంగాణమున గృహనిర్మాణ దరఖాస్తులు ఇంటర్నెట్టు ద్వారానే సాగుచున్నవి. ఒకవైపు 2005 నాటి సమాచార హక్కు చట్టము, మరియొకవైపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మన ముందున్నవి. వీనిలో ఒకదానిని సాకుగా చూపి రెండవదానిని త్రోసివేయుట తగదు. అధికారి చేసిన నిర్ణయము ప్రజల సొత్తు. రోగి పడిన బాధ ఆ రోగిది. ఈ రెంటిని వేరుపరచి చూడగల ఉద్యోగి ఉన్నచోట, తలుపులు తెరిచియున్నను ఇంటి గుట్టు భద్రముగనే యుండునని మా విశ్వాసము.